గ్రాంటు రాకముందే చేయాల్సిన పని

మానసిక ఆరోగ్య సేవలకో, మద్యం, గంజాయి మాన్పించే కేంద్రాలకో ప్రభుత్వం దరఖాస్తులు పిలిచిందంటే రాజమండ్రి, అమలాపురం, భీమవరం లాంటి చోట్ల పనిచేసే చిన్న సంస్థల్లో హడావిడి మొదలవుతుంది. ఆడిటర్‌కు ఫోన్లు, పాత మినిట్స్ పుస్తకం కోసం బీరువాలో వెతుకులాట, తెలిసిన కుర్రాడి చేత రాత్రికి రాత్రి ప్రపోజల్ టైపింగు. కాలువకు నీళ్లు వదిలాక గట్లు వేసుకునే రైతు డెల్టాలో కనపడడు. గ్రాంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన సంస్థలు చాలావరకు అదే చేస్తున్నాయి. దాంతో ఏళ్ల తరబడి ఊళ్లలో తిరిగి పనిచేసిన వాళ్ల దరఖాస్తు ఒక్క కాగితం తక్కువై పక్కకు పోతుంది. ఫైలు పెట్టడం బాగా వచ్చినవాళ్లకు డబ్బు వెళ్తుంది. ఆ నష్టం చివరికి వైద్యం అందని కుటుంబం మీద పడుతుంది. అందుకే ఈ తయారీ ఎలా ఉండాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ముందు డబ్బు ఎవరిస్తారో తెలియాలి. అందరికీ మొదట గుర్తొచ్చేది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు చేసి చూపిన పద్ధతిని ఆధారం చేసుకుని 1996 నుంచి దాన్ని జిల్లాల స్థాయికి తెచ్చారు. ఒక సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండే చిన్న బృందం జిల్లా ఆసుపత్రి కేంద్రంగా పనిచేస్తూ కింది ఆసుపత్రులకు కూడా వెళ్లాలన్నది అందులోని ఆలోచన. అయితే ఈ పథకం డబ్బుకు స్వచ్ఛంద సంస్థ నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. అది జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా, కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాగా, కలెక్టర్ అధ్యక్షతన నడిచే జిల్లా హెల్త్ సొసైటీకి చేరుతుంది.

అలాగని ఈ డబ్బుతో మనకు పనిలేదనుకోకూడదు. జిల్లా ఆరోగ్య ప్రణాళికను ఆర్థిక సంవత్సరం మొదలవకముందే తయారు చేస్తారు. ఆ సమయంలో జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయంలో ఎన్‌సీడీ, అంటే అంటువ్యాధులు కాని జబ్బుల వ్యవహారాలు చూసే అధికారిని కలిసి, ఫలానా మండలంలో ఇంతమంది మందులు మధ్యలో మానేశారు, ఫలానా సీహెచ్‌సీకి నెలకోసారైనా సైకియాట్రిస్టు రావాలి అని లెక్కతో సహా రాసిస్తే అది ప్రణాళికలో ఒక పద్దుగా చేరే అవకాశం ఉంటుంది. ఏప్రిల్ దాటాక వెళ్తే అధికారి ఎంత మంచివారైనా చేయగలిగింది తక్కువ. సంస్థకు పైసా రాకపోయినా ఇది చేయదగ్గ పనే. రేపు మీ ప్రపోజల్ గురించి జిల్లా నుంచి అభిప్రాయం అడిగినప్పుడు మీరెవరో ఆ కార్యాలయానికి తెలిసి ఉంటుంది.

సంస్థలకు నేరుగా గ్రాంటు దొరికే పెద్ద దారి కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖది. మత్తుపదార్థాల గిరాకీని తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2018లో మొదలైంది. 2020 ఆగస్టు 15న ప్రారంభించిన నషా ముక్త్ భారత్ అభియాన్ పేరు చాలామంది వినే ఉంటారు. ఈ శాఖ సాయంతో సంస్థలు నడిపేవి కొన్ని రకాలున్నాయి. ఐఆర్‌సీఏ అంటే పడకలుండి, ఇన్‌పేషెంట్లను చేర్చుకునే పునరావాస కేంద్రం. సాధారణంగా 15 పడకలతో మొదలవుతుంది. ఓడీఐసీ అంటే వాడకందారులు వచ్చి కూర్చుని మాట్లాడి వెళ్లే కేంద్రం. సిబ్బంది కూడా ఊళ్లలోకి వెళ్తారు. సీపీఎల్‌ఐలో పిల్లలకు, కుర్రాళ్లకు వాళ్ల తోటివాళ్ల చేతే చెప్పిస్తారు. ఈ మూడింటినీ ఒకే కప్పు కింద నడిపేది జిల్లా డీ-అడిక్షన్ కేంద్రం. ఇలాంటి సదుపాయం ఏదీ లేని జిల్లాలను గుర్తించి అక్కడ ఈ కేంద్రాలు పెట్టాలన్నది ఉద్దేశం. దరఖాస్తులు ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి.

‘సదుపాయం లేని జిల్లా’ అన్న మాట మన దగ్గర జాగ్రత్తగా చూడాల్సింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ వేరయ్యాయి. రాజమండ్రి తూర్పు గోదావరికి కేంద్రమైంది. పాత పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు విడిపోయి, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. ఒకప్పుడు ‘జిల్లాలో ఉంది’ అనుకున్న కేంద్రం ఇప్పుడు పక్క జిల్లాలోకి పోయి ఉండొచ్చు. మీరు పనిచేసే మండలాలు ఏ జిల్లాలో పడ్డాయి, ఆ కొత్త జిల్లాలో ప్రభుత్వ సాయంతో నడిచే కేంద్రం ఉందా లేదా అన్నది దరఖాస్తుకు మొదటి పేజీ లాంటిది. ఇంకో చిక్కు బైలాస్‌లో ఉంటుంది. కార్యక్షేత్రం ‘తూర్పు గోదావరి జిల్లా’ అని రాసుకున్న పాత సొసైటీ ఇవాళ ముమ్మిడివరంలోనో రాజోలులోనో పనిచేస్తుంటే, కాగితం ప్రకారం అది పొరుగు జిల్లాలో పనిచేస్తున్నట్టు. సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర సవరణ నమోదు చేయించుకోవాలి. అది రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

పేర్ల సంగతీ అంతే. 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకో పేరు, బ్యాంకు ఖాతాలో మూడో స్పెల్లింగు ఉన్న సంస్థలు మన దగ్గర కొత్తేమీ కాదు. మనిషి చదివితే అన్నీ ఒకటేనని అర్థమవుతుంది. పోర్టల్‌కు అర్థం కాదు. సంస్థ పేరు, చిరునామా, జిల్లా పేరు అన్ని కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఒక మధ్యాహ్నం కూర్చుని చూసుకుంటే తర్వాత పడే తిప్పలు చాలా తగ్గుతాయి. సొసైటీ అయితే 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏటా సభ్యుల జాబితా దాఖలు చేస్తున్నారా? నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు ఉందా? ఆదాయపు పన్ను 12ఏ, 80జీ నమోదుల గడువు దాటలేదు కదా? ప్రభుత్వ నిధుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో బ్యాంకు ఖాతా నమోదైందా? గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు సంతకాలతో సిద్ధంగా ఉన్నాయా? వీటిలో ఏదీ కష్టమైంది కాదు. అన్నీ ఒకే వారంలో కావాలంటేనే కష్టం.

ఇక కాగితాల కంటే పెద్ద విషయానికి వద్దాం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక రోగులను చేర్చుకుని ఉంచుకునే ఏ సంస్థ అయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలని 65వ సెక్షన్ చెబుతోంది. మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా ఈ చట్టం చెప్పే మానసిక అనారోగ్యంలోకే వస్తాయి. కాబట్టి ‘మాది ఆసుపత్రి కాదండీ, డీ-అడిక్షన్ సెంటరే’ అంటే కుదరదు. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, మళ్లీ చేస్తే ఇంకా ఎక్కువ.

ఈ నిబంధన ఎందుకొచ్చిందో తెలిస్తే దాన్ని తలనొప్పి అనుకోము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర నడుస్తున్న ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక కాలిపోయారు. ఇవాళ్టి చట్టంలో 95వ సెక్షన్ మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని స్పష్టంగా రాసింది. మన ప్రాంతంలో భార్యో తల్లో భరించలేక ‘లోపల పెట్టి తాళం వేయండి, మూడు నెలలు బయటకు పంపొద్దు’ అని బతిమాలే సందర్భాలు ఉంటాయి. వాళ్ల బాధ నిజం. అయినా సెంటరు నడిపేవాళ్లు ఆ మాటకు తలూపకూడదు. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేవి కూడా ఇవే: కిటికీలు, మరుగుదొడ్లు, ఇంటికి ఫోన్ చేసుకునే వీలు, ఫిర్యాదుల పుస్తకం, రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, డాక్టర్ ఎప్పుడొచ్చారు.

డాక్టర్ విషయం తేలిగ్గా తీసుకోలేం. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజే చేతులు వణకడం మొదలవుతుంది. కొందరికి రెండో రోజుకల్లా ఫిట్స్ వస్తాయి. మూడు నాలుగు రోజుల్లో మతి చలించి, లేనివి కనిపించి, ప్రాణం మీదకు వచ్చే స్థితి కూడా రావొచ్చు. కౌన్సెలింగ్‌తో, ప్రార్థనతో, యోగాతో ఈ నాలుగు రోజులు దాటించలేం. కాకినాడ జీజీహెచ్‌తోనో, 2023లో రాజమండ్రిలో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రితోనో, దగ్గర్లోని జిల్లా ఆసుపత్రితోనో ముందే మాట్లాడుకుని, రోగిని ఎప్పుడు, ఎలా పంపిస్తామో లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ప్రపోజల్‌లో ఆ ఒక్క పేజీకి ఉండే బరువు పది పేజీల ఆశయాలకు ఉండదు.

ఇప్పుడు లెక్కల సంగతి. దాదాపు ప్రతి ప్రపోజల్‌లోనూ ఒక వాక్యం ఉంటుంది: దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, కాబట్టి మా జిల్లాలో ఇన్ని లక్షల మంది ఉంటారు అని. ఆ 10.6 శాతం నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి గోదావరి జిల్లాలు రెండింటిలో కలిపి 90 లక్షల మందికి పైగా ఉన్నారు. ఆ సంఖ్యను ఈ శాతంతో గుణించడం ఎవరికైనా వచ్చు. చదివే అధికారికి దానివల్ల మీ ఊరి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. 2019లో వచ్చిన మత్తుపదార్థాల వాడకం సర్వే నివేదిక కొంత నయం. మద్యం వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవారి శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను అది చూపింది. అదీ రాష్ట్రం లెక్కే, మండలం లెక్క కాదు.

మండలం లెక్క మీ దగ్గరే పుట్టాలి. దానికి సర్వే ఏజెన్సీ అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే పొడవాటి రిజిస్టరు చాలు. ఒక్కో వరుసలో నంబరు, తేదీ, ఊరు, వయసు, ఆడా మగా, ఎవరు పంపారు, ఏ ఆసుపత్రికి పంపాం, మళ్లీ ఎప్పుడు వచ్చారు, మందులు వాడుతున్నారా. చివరి గడి ఒకటి మాత్రం పెద్దగా గీసుకోవాలి: మానేస్తే ఎందుకు మానేశారు. ‘బస్సు ఛార్జీలు లేక’, ‘నిద్ర ఎక్కువై పనికి పోలేక’, ‘తగ్గిపోయిందనుకుని’, ‘అత్తగారికి తెలుస్తుందని’, ‘ఆసుపత్రిలో మందు అయిపోయి’. ఏడాది పాటు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎంల సాయంతో ఈ గడి నింపుతూ పోతే, డబ్బు దేనికి అడగాలో రిజిస్టరే చెప్తుంది. ఎక్కువమంది ఛార్జీలు లేక ఆగిపోయారని తేలితే, పడకలు అడగడం కంటే నెలకు రెండుసార్లు మండలానికి డాక్టర్ వచ్చే ఏర్పాటు అడగడమే న్యాయం. నా అభిప్రాయంలో గోదావరి జిల్లాల్లో అసలు లోటు పడకల దగ్గర కంటే రోగి ఇంటికి తిరిగి వెళ్లాకే ఎక్కువ. ప్రపోజల్ కూడా ఆ లోటు చుట్టూనే నడవాలి.

రిజిస్టరులో పేర్లు రాయకపోవడం మంచిది. నంబరు వేసుకుని, ఏ నంబరు ఎవరిదో వేరే పుస్తకంలో తాళం కింద ఉంచాలి. రోగి వివరాలు గోప్యంగా ఉండడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చిన హక్కు. రోగి అనుమతి లేకుండా ఫొటో మీడియాకు ఇవ్వకూడదనీ అదే చట్టం చెబుతోంది. క్యాంపు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు ఇక్కడితో ఆగాలి. గ్రాంటు దరఖాస్తుకు ఫొటోలు అడిగితే గది, సిబ్బంది, మీటింగు చూపించొచ్చు. మనిషి ముఖం అవసరం లేదు.

దేశమంతటికీ ఒకటే నమూనాగా వచ్చే పథకంలో మన డెల్టా కాలాన్ని ఇమడ్చడం సంస్థ చేయాల్సిన పని. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో జనం పడవల మీద బయటపడ్డారు. స్కిజోఫ్రేనియాకో బైపోలార్‌కో రోజూ మాత్ర వేసుకోవాల్సిన మనిషికి పది పదిహేను రోజులు మందు ఆగితే జబ్బు తిరగబెట్టొచ్చు. కాబట్టి లంకల్లో పనిచేసే సంస్థ, జూన్ చివరికల్లా డాక్టర్ సలహాతో రెండు నెలల మందులు ఇంటికి చేర్చే ఏర్పాటును ప్రపోజల్‌లో ప్రత్యేకంగా రాయాలి. ఆ మందులను బాధ్యతగా దాచి, రోజు వారీగా ఇచ్చేది ఇంట్లో ఎవరో కూడా రాయాలి. ఒకేసారి ఎక్కువ మందులు ఇంట్లో ఉంచడంలో ప్రమాదం ఉంది.

మద్యం విషయంలో ఇంకో కాలం ఉంది. కార్తీకం వచ్చిందంటే ఎంతోమంది తాగుబోతులు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. ఇంట్లో ఆడవాళ్లు ఏడాదంతా ఎదురుచూసే రోజులవి. మాల తీశాక సంక్రాంతి వస్తుంది. కోడిపందేలు, బంధువులు, బరుల పక్కనే మందు. మళ్లీ మొదలు. ఏ పుస్తకంలోనూ లేని ఈ క్యాలెండరును పథకంలోకి తేవచ్చు. మాల వేసే ముందు ఆరోగ్య పరీక్ష చేసి, ఎక్కువగా తాగేవాళ్లను డాక్టర్ పర్యవేక్షణలో మాన్పించాలి. ఆ 41 రోజుల్లో గురుస్వాముల అనుమతితో సన్నిధానాల దగ్గర కుటుంబాలతో మాట్లాడాలి. మాల తీసే వారం నుంచి సంక్రాంతి దాటేదాకా కౌన్సెలర్ ఎక్కువసార్లు ఇంటికి వెళ్లాలి. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో చర్చిల దగ్గర, రంజాన్ నెలలో మసీదుల దగ్గర కూడా ఇలాగే ఆలోచించవచ్చు. మానేయగలను అని మనిషి తనకు తానే రుజువు చేసుకున్న రోజులను వదులుకోవడం పెద్ద పొరపాటు.

ఆక్వా చెరువులకు వైరస్ తగిలి అప్పుల్లో మునిగిన కుటుంబాలు, కౌలు రైతులు, తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగే కోనసీమ పిల్లలు: వీళ్ల అవసరాలు ఒక్కొక్కటి ఒక్కో రకం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఆ కష్టం ఇంట్లో మనసుల మీద ఏం చేసిందో ఎవరూ లెక్క కట్టలేదు. అన్నిటికీ ఒకే ప్రపోజల్ రాయొద్దు. చేయగలిగిన ఒక్కదాన్ని తీసుకోవాలి.

రాజమండ్రికి మాత్రం ఇంకో సమస్య ప్రత్యేకంగా ఉంది. పెద్ద రైల్వే స్టేషను, స్నానఘట్టాలు ఉన్న ఊరు కాబట్టి మతిస్థిమితం తప్పి ఎక్కడెక్కడినుంచో తిరుగుతూ వచ్చేవాళ్లు ఇక్కడ కనిపిస్తుంటారు. ఇలాంటి వారిని పోలీసులు 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యానికి చేర్చాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ చెబుతోంది. వైద్యం అయ్యాక వెళ్లడానికి ఇల్లు లేకపోతే ఎక్కడికి? దీనికోసం వికలాంగుల సాధికారత శాఖ దీన్‌దయాళ్ పునరావాస పథకంలో, జబ్బు అదుపులోకి వచ్చినవాళ్లకు హాఫ్‌వే హోమ్ నడపడానికి సాయం ఉంది. నిర్ణయించిన ఖర్చులో 90 శాతం వరకు ఇస్తారు. మిగతాది సంస్థ చూసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద నమోదు కూడా ఉండాలి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. జనం లక్షల్లో వచ్చే ఆ రోజుల్లో ఇలా తప్పిపోయేవాళ్లు, వదిలేయబడేవాళ్లు పెరగొచ్చు. అప్పటికప్పుడు షెడ్డు వేస్తే సరిపోదు.

విద్యార్థుల వైపు కూడా కొత్త అవసరం వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ చదివే సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. ఇన్ని కాలేజీలకు అంతమంది ఎక్కడ దొరుకుతారు? శిక్షణ ఇవ్వగల సంస్థ ముందుకొస్తే దానికి పని ఉంది. ఈ తరహా పనులకు కంపెనీల సీఎస్‌ఆర్ నిధులూ అడగవచ్చు. ఓఎన్‌జీసీ లాంటి పెద్ద సంస్థ రాజమండ్రిలోనే ఉంది. సీఎస్‌ఆర్-1 నమోదు మాత్రం ముందే ఉండాలి.

గ్రాంటు మంజూరైందనుకుందాం. కష్టం అప్పుడే మొదలవుతుందని చేసినవాళ్లు చెప్తారు. డబ్బు విడతలుగా వస్తుంది, ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది. ఈలోపు కౌన్సెలర్‌కు, నర్సుకు, వంటమనిషికి, వాచ్‌మన్‌కు నెలనెలా జీతం ఇవ్వాలి. పదిహేను మందికి మూడు పూటలా తిండి పెట్టాలి. ఆర్నెల్ల ఖర్చు చేతిలో లేకుండా పడకల కేంద్రం మొదలుపెట్టొద్దని నేను గట్టిగా చెప్తాను. డబ్బు లేదని సగంలో ఇంటికి పంపిన మనిషి రెండోసారి మన మాట నమ్మడు. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. కేంద్ర ఆర్థిక నిబంధనల ప్రకారం ఆ ఖాతాలో పడిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే, లెక్కలు తేలాక తిరిగి కట్టేయాలి. ఏడాది ముగిశాక వినియోగ పత్రం, అంటే యూసీ, గడువులోగా ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఒకే పనికి వేరే శాఖ దగ్గర కూడా డబ్బు తీసుకోలేదని రాసివ్వాలి. అకౌంటెంట్‌ను పార్ట్ టైమ్‌గానైనా మొదటి రోజు నుంచే పెట్టుకోవడం మంచిది.

ఒక జాగ్రత్త మాత్రం దరఖాస్తు రాసేటప్పుడే తీసుకోవాలి. రోగులకిచ్చే మందులను గ్రాంటు డబ్బుతో కొని ఇచ్చే పద్ధతి పెట్టుకోవద్దు. వాళ్లను ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీకి, పీహెచ్‌సీ మందుల జాబితాకు ముడిపెట్టండి. ఇంట్లోవాళ్లకు ఆ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఏ రోజు సైకియాట్రిస్టు ఉంటారో నేర్పండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ, రాత్రీ పగలూ, ఉచితంగా పనిచేస్తుంది. మత్తుపదార్థాల సమస్యలకు 14446 ఉంది. ఈ రెండు నంబర్లూ ప్రతి రోగి చీటీ వెనక రాసిపెట్టండి. మూడేళ్ల తర్వాత గ్రాంటు ఆగినా ఆ కుటుంబానికి మందు ఆగదు.